లిస్ పెండెన్స్, పెండెంటే లైటే: ఒకే మాటకు రెండు రూపాలెందుకు? లాటిన్ పార్టిసిపుల్స్ విభక్తుల్లో ఎలా మారతాయి?

ముందు మీ ప్రశ్నను నాకు అర్థమైనంతలో మళ్లీ చెబుతాను. మీరు లా రెండో సంవత్సరం చదువుతున్నారు. ఆస్తి బదిలీ చట్టం 1882లో 52వ సెక్షన్ దగ్గర "లిస్ పెండెన్స్" అని నేర్చుకున్నారు. హిందూ వివాహ చట్టం 1955లో 24వ సెక్షన్‌కి వచ్చేసరికి అక్కడ "పెండెంటే లైటే" అని ఉంది. రెండూ ఒకటేనా, ఒకటే అయితే మాట ఎందుకు మారింది అని అడిగారు. వెతికితే "పార్టిసిపుల్ డిక్లెన్షన్" అని ముప్పై గళ్ల పట్టికలు వచ్చాయని, చూడగానే టెన్షన్ వచ్చి మూసేశానని కూడా రాశారు.

అవును, రెండూ ఒకటే మాట. "లిస్ పెండెన్స్" అంటే నడుస్తున్న వ్యాజ్యం. "పెండెంటే లైటే" అంటే వ్యాజ్యం నడుస్తుండగా. మొదటిది ప్రథమా విభక్తి, రెండోది లాటిన్‌లో ఆబ్లేటివ్ అనే విభక్తి. వ్యాజ్యం అనే నామవాచకం విభక్తి మార్చుకుంటే, దాన్ని వర్ణించే "నడుస్తున్న" అనే మాట కూడా దాంతోపాటు మారాలి. లాటిన్ పద్ధతి అది.

పట్టికల సంగతి కూడా ఇప్పుడే చెప్పేస్తాను. పార్టిసిపుల్ అంటే "నడుస్తున్న" లాగా క్రియ నుంచి వచ్చి విశేషణంగా పనిచేసే మాట. లాటిన్‌లో పార్టిసిపుల్స్ నాలుగే. వాటిలో కొత్తగా నేర్చుకోవలసింది ఒక్కటే. మిగతా మూడూ మామూలు విశేషణాల్లాగే మారతాయి. ఆ ఒక్కదానికి ఉన్న ముప్పై గళ్లలో కూడా వేరువేరు రూపాలు తొమ్మిదే. ఆ తొమ్మిదిలో సగానికి పైగా మీరు లా సిలబస్‌లో ఇప్పటికే చదివేశారు, అవి ఫలానా రూపాలని తెలియకుండా.

నేను సెమినరీలో ఉన్నప్పుడు లాటిన్ నేర్చుకున్నాను. బయటికి వచ్చాక పద్దెనిమిదేళ్లుగా నేర్పుతున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది లా విద్యార్థులే, కాబట్టి మీ ఇబ్బంది నాకు బాగా తెలుసు. కింద మాటల్ని కోర్టు ఉచ్చారణలో కాకుండా పాత రోమన్ ఉచ్చారణలో రాస్తున్నాను: లీస్ పెందేన్స్, పెందెంతె లీతె. దీనికి కారణం ఉంది. లాటిన్‌లో అ, ఇ, ఉ, ఎ, ఒ ఐదింటికీ హ్రస్వం, దీర్ఘం రెండూ ఉన్నాయి. రోమన్ లిపిలో ఆ తేడా చూపించాలంటే అక్షరం మీద గీత పెట్టాలి, మామూలుగా ఎవరూ పెట్టరు. మన లిపిలో ఎ, ఏ, ఒ, ఓ సహా అన్నీ విడివిడిగా ఉన్నాయి. లాటిన్ అచ్చులు రాయడానికి తెలుగు లిపి ఎంత చక్కగా కుదురుతుందో నేర్పిన ప్రతిసారీ నాకు సంతోషం కలుగుతుంది.

మనవాళ్లు ఎక్కడ తడబడతారు

తెలుగులో "నడుస్తున్న" అనే ధాతుజ విశేషణం ఎప్పుడూ మారదు. నడుస్తున్న కేసు, నడుస్తున్న కేసులో, నడుస్తున్న కేసులకు. మార్పంతా కేసు అనే మాట మోస్తుంది, "నడుస్తున్న" కదలదు. అందుకే లాటిన్‌లో రెండు మాటలూ మారడం మనకు అలవాటు లేని వ్యవహారంగా తోస్తుంది.

కానీ తెలుగులోనే ఇంకో రూపం ఉంది: వచ్చినవాడు, వచ్చినవాడికి, వచ్చినవాడిని, వచ్చినవాళ్లకు. ఇక్కడ పార్టిసిపుల్ నామవాచకంగా మారి విభక్తులన్నీ తీసుకుంటోంది. నేను నేర్పేటప్పుడు మొదటి రోజే చెప్పేది ఇదే: లాటిన్ పార్టిసిపుల్ కనిపిస్తే దాన్ని "-నవాడు", "-నది" అని మనసులో అనుకుని, దానికి విభక్తి తగిలించండి. వొలెంతీ అంటే "ఇష్టపడినవాడికి". ప్రోఫెరెంతెమ్ అంటే "ముందుకు తెచ్చినవాడిని". ఇలా చదివితే పట్టిక బట్టీ పట్టే పని చాలా తగ్గుతుంది.

పార్టిసిపుల్ అనే పేరుకు అర్థం కూడా ఇదే. రెండింటిలోనూ భాగం ఉన్నది అని. రోమన్ పండితుడు వర్రో, క్రీ.పూ. 116లో పుట్టి 27లో చనిపోయినవాడు, లాటిన్ మాటల్ని నాలుగు రకాలుగా విభజించాడు: విభక్తి ఉన్నవి, కాలం ఉన్నవి, రెండూ లేనివి, రెండూ ఉన్నవి. ఆ నాలుగో రకమే పార్టిసిపుల్. నామవాచకంలాగా విభక్తి మార్చుకుంటుంది, క్రియలాగా కాలం చెబుతుంది, కర్మను కూడా తీసుకుంటుంది.

కర్మ తీసుకోవడానికి మంచి ఉదాహరణ బ్రిటన్‌లో పనిచేసే మన డాక్టర్లకు తెలుసు. అక్కడ సెలవులో ఉన్న డాక్టరు బదులు పనిచేసేవాళ్లను "లోకమ్" అంటారు. పూర్తి మాట లొకుమ్ తెనేన్స్, అంటే స్థానాన్ని పట్టుకుని ఉన్నవాడు. లొకుమ్ అంటే "స్థానాన్ని", అది ద్వితీయా విభక్తి. ఇద్దరు ముగ్గురు డాక్టర్లు ఉంటే లొకుమ్ తెనెంతేస్ అవుతుంది. పార్టిసిపుల్ బహువచనంలోకి వెళ్లింది, దాని కర్మ అయిన లొకుమ్ మాత్రం అలాగే ఉండిపోయింది.

కొత్తగా నేర్చుకోవలసిన ఒక్కటి: "-న్స్, -ంతిస్"

ఇది "చేస్తున్న" అనే అర్థమిచ్చేది. క్రియ వర్గాన్ని బట్టి అమాన్స్ (ప్రేమిస్తున్న), మొనేన్స్ (హెచ్చరిస్తున్న), రెగేన్స్ (పాలిస్తున్న), కపియేన్స్ (పట్టుకుంటున్న), ఔదియేన్స్ (వింటున్న) అని ఉంటుంది. మీ మాట పెందేన్స్, వేలాడుతున్న అని. రోమన్లకు తేలని వ్యవహారం "వేలాడుతూ" ఉండేది.

ప్రథమా ఏకవచనంలోనూ, దానిలాగే ఉండే నపుంసక ద్వితీయా ఏకవచనంలోనూ త కనిపించదు, మిగతా అన్నిచోట్లా ఉంటుంది. ఎందుకంటే అసలు ప్రాతిపదిక పెందెంత్-. ప్రథమలో దానికి స్ చేరితే "పెందెంత్స్" అవ్వాలి. త్ జారిపోయి, న్స్ ముందున్న అచ్చు దీర్ఘమైంది: పెందేన్స్. త ఉన్నచోట అచ్చు హ్రస్వంగానే ఉంటుంది: పెందెంతిస్. అందుకే ఏ పార్టిసిపుల్ అయినా షష్ఠీ రూపంతో కలిపి నేర్చుకోండి: పెందేన్స్, పెందెంతిస్. అసలు ప్రాతిపదిక షష్ఠిలోనే బయటపడుతుంది.

సంస్కృతం కొంచెం తెలిసినవాళ్లకు ఇది పాత చుట్టమే. "మోస్తున్నవాడు" అనడానికి సంస్కృతంలో భరన్, ద్వితీయలో భరంతమ్. లాటిన్‌లో ఫెరేన్స్, ద్వితీయలో ఫెరెంతెమ్. సంస్కృత భ- లాటిన్‌లో ఫ- అయింది. "బతుకుతున్నవాడిని" సంస్కృతంలో జీవంతమ్, లాటిన్‌లో వీవెంతెమ్. ధాతువు ఒకటే, ఆ "-ంత-" కూడా ఒకటే. ఒక తేడా గుర్తుంచుకోవాలి. సంస్కృతంలో షష్ఠికి వెళ్తే న పోయి భరతః అవుతుంది. లాటిన్ దాన్ని ఎక్కడా వదలదు: ఫెరెంతిస్. సంస్కృతం చదివినవాళ్లు ఇక్కడ పొరపడటం చూశాను.

ఇప్పుడు ఆ తొమ్మిది రూపాలకూ మేకులు కొడదాం. మీ సిలబస్ నుంచే.

ప్రథమ ఏకవచనం: లీస్ పెందేన్స్. పుంలింగం, స్త్రీలింగం, నపుంసకం మూడింటికీ ఇదే రూపం. నపుంసకంలో ద్వితీయ కూడా ఇదే.

షష్ఠి: వోక్స్ క్లామంతిస్ ఇన్ దేసెర్తో. ఇది లా నుంచి కాదు, లాటిన్ బైబిల్ నుంచి. ఎడారిలో కేకవేస్తున్నవాడి గొంతు. ఇందులో దేసెర్తుమ్ (ఎడారి) కూడా మొదట పార్టిసిపులే, "వదిలేయబడినది" అని.

చతుర్థి: వొలెంతీ నోన్ ఫిత్ ఇన్యూరియ. ఇష్టపడినవాడికి అన్యాయం జరగదు. టార్ట్స్ (నష్టపరిహారం కోరదగ్గ సివిల్ తప్పిదాలు) పాఠంలో మొదటి వారంలోనే వస్తుంది.

ద్వితీయ: కొంత్రా ప్రోఫెరెంతెమ్. పాలసీ పత్రంలోని మాట రెండు రకాలుగా అర్థమైతే, ఆ మాటను ముందుకు తెచ్చినవాడికి వ్యతిరేకంగా అర్థం చెప్పాలన్న సూత్రం. కొంత్రా తర్వాత లాటిన్‌లో ద్వితీయే రావాలి, అందుకే ఆ "-ంతెమ్".

ఆబ్లేటివ్: పెందెంతె లీతె.

బహువచనం, ప్రథమా ద్వితీయా రెండూ: ఇంతెర్ అబ్సెంతేస్. ఎదురుగా లేనివాళ్ల మధ్య, అంటే ఉత్తరాల ద్వారా కుదిరే ఒప్పందం. పాత పద్ధతిలో ద్వితీయకు "-ంతీస్" అని కూడా రాసేవారు, కవిత్వం చదివితే ఎదురవుతుంది.

నపుంసక బహువచనం: బొన వకంతియ. హక్కుదారు లేకుండా ఖాళీగా పడి ఉన్న ఆస్తులు. భారత రాజ్యాంగం 296వ అధికరణంలో ఈ మాట ఉంది. బొన అంటే వస్తువులు, నపుంసక బహువచనం, కాబట్టి పక్కన వకంతియ. ఆ "-ఇయ"లో ఇ ని మరిచిపోయి "వకంత" అని రాసేవాళ్లు ఎక్కువ.

చతుర్థీ ఆబ్లేటివ్ బహువచనం: విగిలంతిబుస్ ఎత్ నోన్ దొర్మియెంతిబుస్ యూర సుబ్వెనియుంత్. మేలుకుని ఉన్నవాళ్లకు చట్టం సాయపడుతుంది, నిద్రపోతున్నవాళ్లకు కాదు. లిమిటేషన్ (కేసు వేయడానికి ఉన్న గడువు) దాటాక వచ్చిన కేసుల తీర్పుల్లో ఈ వాక్యం తప్పక తగులుతుంది. ఒక్క వాక్యంలో రెండు పార్టిసిపుల్స్, రెండూ చతుర్థీ బహువచనం. అంతర్జాతీయ చట్టంలో రేబుస్ సీక్ స్తంతిబుస్ (పరిస్థితులు ఇలాగే ఉన్నంతవరకు) లో అదే "-ంతిబుస్" ఆబ్లేటివ్‌గా పనిచేస్తోంది.

మిగిలింది షష్ఠీ బహువచనం, "-ంతియుమ్": అమంతియుమ్, ప్రేమిస్తున్నవాళ్ల. దీనికి సిలబస్‌లో మేకు లేదు, విడిగా గుర్తుపెట్టుకోవాలి. పరేన్స్ అనే మాట మాత్రం ఎక్కువగా ఇ లేకుండా పరెంతుమ్ అవుతుంది. (ప్రథమలో కూడా ప హ్రస్వమే. చాలామంది పా అని పలుకుతారు కాబట్టి చెబుతున్నాను.) ఇది "కనడం" అనే క్రియ నుంచి వచ్చిన పాత పార్టిసిపుల్. ఇంగ్లీషు పేరెంట్ దీన్నుంచే వచ్చింది. అర్థం చూస్తే అచ్చంగా మన "కన్నవారు".

"-ఎ" నా, "-ఈ" నా?

ఆబ్లేటివ్ ఏకవచనంలో రెండు రూపాలు చూస్తారు, పెందెంతె, పెందెంతీ. పుస్తకాలు రెండూ ఇచ్చి వదిలేస్తాయి. నియమం ఇది: పార్టిసిపుల్ క్రియగా పనిచేస్తున్నప్పుడు, లేదా "-నవాడు" అని నామవాచకంగా నిలబడినప్పుడు -ఎ. కేవలం విశేషణంగా, గుణం చెప్పే మాటగా ఉన్నప్పుడు -ఈ.

పెందెంతె లీతెలో వ్యాజ్యం నడుస్తోంది, ఒక పని జరుగుతోంది. కాబట్టి -ఎ. "తెలివైన మనిషి చేత" అంటే ఆ సపియెంతీ విరో, ఇక్కడ సపియెంతీ కేవలం గుణం. "తెలివైనవాడి చేత" అంటే ఆ సపియెంతె, ఇక్కడ నామవాచకం. సెమినరీ మొదటి పరీక్షలో నేను దీన్ని తిరగేసి రాశాను. దిద్దిన గురువుగారు కారణం చెప్పకుండా ఎర్ర గీత మాత్రం పెట్టారు. కారణం తెలుసుకోవడానికి నాకు ఇంకో ఏడాది పట్టింది. అందుకే ఇక్కడ ఇంత వివరంగా రాస్తున్నాను. మధ్యయుగాల నాటి లాటిన్‌లో ఈ నియమాన్ని అంత గట్టిగా పాటించలేదు, కాబట్టి పాత దస్తావేజుల్లో వేరేగా కనిపిస్తే కంగారు పడకండి.

"వెళ్లడం" అనే క్రియ ఒక్కటి గుర్తుంచుకోండి. ప్రథమలో ఇయేన్స్, షష్ఠిలో ఎవుంతిస్. ప్రథమ చూసి "ఇయెంతిస్" అనుకుంటారు, కాదు. షష్ఠితో కలిపి నేర్చుకోమని ముందు అన్నది ఇలాంటివాటి కోసమే.

మిగతా మూడు

ఇవి మూడూ -ఉస్, -అ, -ఉమ్ అని పుంలింగ, స్త్రీలింగ, నపుంసకాల్లో మారతాయి. లాటిన్ మొదటి రెండు డిక్లెన్షన్లు (నామవాచకాలు విభక్తుల్లో మారే వర్గాలు) వస్తే ఇవి వచ్చినట్టే.

మొదటిది జరిగిపోయినదాన్ని చెప్పేది. దేలేగాతుస్ నోన్ పొతెస్త్ దేలేగారె: అధికారం అప్పగించబడినవాడు దాన్ని మళ్లీ ఇంకొకరికి అప్పగించలేడు. ఇది పుంలింగం. రేస్ యూదికాత, సివిల్ ప్రొసీజర్ కోడ్ 1908లో 11వ సెక్షన్: తీర్పు చెప్పబడిన విషయం. రేస్ స్త్రీలింగం కాబట్టి యూదికాత. దిక్తుమ్ నపుంసకం, "చెప్పబడినది". బహువచనం దిక్త, అందుకే తీర్పులో దారిలో అన్న మాట ఒకటైతే ఒబితెర్ దిక్తుమ్, రెండైతే ఒబితెర్ దిక్త. స్తారె దేకీసీస్‌లో దేకీసీస్ ఆబ్లేటివ్ బహువచనం, "నిర్ణయించబడినవాటి మీద" నిలబడటం.

ఇక్కడ రేస్ అనే మాట ముగింపూ యూదికాత ముగింపూ ఒకేలా లేవు, గమనించండి. లింగం, వచనం, విభక్తి కలవాలి. ముగింపు అక్షరాలు ఒకేలా ఉండాలని లేదు. రేస్ ఐదో డిక్లెన్షన్, యూదికాత మొదటిది. షష్ఠిలో రెయ్ యూదికాతై, ఆబ్లేటివ్‌లో రే యూదికాతా. ప్రాస కలవలేదని సరైన రూపాన్ని తప్పనుకుని కొట్టేసేవాళ్లు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు.

ఈ రూపం ఎలా వస్తుందో నియమం పెట్టి చెప్పలేం. అమారె నుంచి అమాతుస్ సులువే. కానీ చెప్పడం దీకెరె, దిక్తుస్. పంపడం మిత్తెరె, మిస్సుస్. తీర్చడం సొల్వెరె, సొలూతుస్. నిఘంటువులో ప్రతి క్రియకూ నాలుగు ముఖ్య రూపాలు ఇస్తారు, నాలుగోది దీనికోసమే. మీ అందరి నోట్లో రోజూ నలిగే "డేటా" కూడా ఇదే. దతుమ్ అంటే ఇవ్వబడినది, దత బహువచనం. సంస్కృతంలో దీని చుట్టం "దత్త", మన "దత్తత"లో ఉన్నది.

వండిన అన్నం, వండిన అమ్మ

తెలుగువాళ్లు చేసే తప్పుల్లో అన్నిటికన్నా పెద్దది ఇది. "వండిన అన్నం" అంటాం, "వండిన అమ్మ" అని కూడా అంటాం. ఒకే "వండిన". ఒకచోట వండబడింది, ఇంకోచోట వండింది. సందర్భం చూసి అర్థం చేసుకుంటాం. లాటిన్ "-తుస్" రూపానికి ఆ వెసులుబాటు లేదు. అది ఎప్పుడూ కర్మణి అర్థమే. అన్నానికి వాడొచ్చు, అమ్మకు వాడకూడదు.

నా దగ్గర చదివిన ఒకమ్మాయి "చదివిన అమ్మాయి" అని రాయడానికి పువెల్ల లేక్త అని రాసింది. వ్యాకరణం అంతా సరిగ్గానే ఉంది, స్త్రీలింగం, ఏకవచనం, ప్రథమ. కానీ దాని అర్థం "ఎంపిక చేయబడిన అమ్మాయి". చదవడానికీ ఏరుకోవడానికీ లాటిన్‌లో ఒకటే క్రియ. తెలుగులో ఆలోచించి లాటిన్ రాసినప్పుడు ఇలాగే అవుతుంది. "చదివిన" అని కర్తరిలో చెప్పే పార్టిసిపుల్ మామూలు లాటిన్ క్రియలకు అసలు లేదు. మనం ప్రతి వాక్యంలో వాడే "చేసి, వచ్చి, తిని" లకు కూడా నేరుగా సరిపోయే రూపం లేదు. అలాగే "చేయబడుతున్న" అనే వర్తమాన కర్మణి రూపమూ లేదు. వాటి బదులు "ఎవరైతే చదివారో" అని ఉపవాక్యం వాడాలి.

మినహాయింపు డెపొనెంట్ క్రియలు. ఇవి చూడటానికి కర్మణిలా ఉండి కర్తరి అర్థమిస్తాయి. మీ సిలబస్‌లోనే ఉంది: ఫూంక్తుస్ ఒఫ్ఫికియో. "పని ముగించబడినవాడు" అనుకోకండి. "పనిని నెరవేర్చినవాడు". తీర్పిచ్చేసిన న్యాయమూర్తికి ఆ కేసులో ఇక అధికారం ఉండదు అనే అర్థంలో వాడతారు. ఇద్దరు ఆర్బిట్రేటర్లయితే ఫూంక్తీ ఒఫ్ఫికియో అనాలి. కోర్టు భాషలో అంత పట్టించుకోరు, అన్నిటికీ ఫూంక్తుస్ అనే రాస్తారు. అది తప్పని ఎవరితోనూ వాదించకండి, ఇంగ్లీషు న్యాయభాషలో అది గడ్డకట్టిన మాటయిపోయింది. హాస్పిటల్లో "పేషెంట్" కూడా డెపొనెంట్ క్రియ నుంచి వచ్చిందే: పతియేన్స్, బాధ పడుతున్నవాడు, ఓర్చుకుంటున్నవాడు.

-బోయే, -వలసిన

చివరి రెండిటికీ తెలుగులో సరిగ్గా సరిపోయే రూపాలున్నాయి, అందుకే ఇవి మనకు సులువు.

"-తూరుస్" అంటే "-బోయే". నాలుగో ముఖ్య రూపంలో -ఉమ్ తీసేసి -ఊరుస్ చేర్చాలి. అమాతూరుస్, ప్రేమించబోయేవాడు. క్రీ.శ. 52లో క్లాడియస్ చక్రవర్తి ఫూకినుస్ సరస్సు మీద జరిపించిన నకిలీ నౌకాయుద్ధంలో, పోరాడటానికి దిగినవాళ్లు ఆయనకు చెప్పిన మాట మొరితూరీ తే సలూతంత్, "చావబోయేవాళ్లు నీకు వందనం చేస్తున్నారు". మొరితూరీ ప్రథమా బహువచనం. దీనికి జరిగిపోయిన రూపం మొర్తువుస్, కాబట్టి మొరితూరుస్ నియమం తప్పినదే. రోమన్ న్యాయంలో ఇంకొకటి ఉంది, నాస్కితూరుస్, పుట్టబోయేవాడు. కడుపులోని బిడ్డకు మేలు కలిగే విషయాల్లో అప్పటికే పుట్టినట్టు లెక్క అనే సూత్రం. మన హిందూ వారసత్వ చట్టం 1956లో 20వ సెక్షన్ కూడా గర్భస్థ శిశువు హక్కు గురించే.

"-ందుస్" అంటే "-వలసిన". ఇదీ కర్మణి అర్థమే. పక్త సుంత్ సెర్వంద: ఒప్పందాలు పాటించవలసినవి. 1969 వియన్నా ఒడంబడికలో 26వ అధికరణం. పక్త నపుంసక బహువచనం, కాబట్టి సెర్వంద. రోముకు శత్రువైన కార్తేజ్ నగరం పేరు స్త్రీలింగం కాబట్టి, రోమన్ నాయకుడు కేటో మాటగా అందరూ చెప్పుకునేది కర్తాగో దేలెంద ఎస్త్, కార్తేజ్ నాశనం చేయవలసినది. అజెండా అంటే చేయవలసినవి, "కర్తవ్యాలు". మెమొరాండం అంటే జ్ఞాపకం చేయవలసినది.

ఒక జాగ్రత్త. మొదుస్ ఒపెరందీ, లొకుస్ స్తందీ, రతియో దేకీదెందీ చూసి ఇవీ అవే అనుకోకండి. చూపుకు ఒకేలా ఉన్నా ఇవి జెరండ్, క్రియానామం: పని చేయడం యొక్క పద్ధతి, నిలబడటం యొక్క చోటు, నిర్ణయించడం యొక్క కారణం. వీటికి పక్కన మాటతో లింగ వచనాలు కలవాల్సిన పని లేదు. అందుకే లొకుస్ ప్రథమలో ఉన్నా స్తందీ షష్ఠిలో ఉంది.

ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. మన మూడు కాలాల పేర్లు చూడండి. భూతం, వర్తమానం, భవిష్యత్. మూడూ సంస్కృత పార్టిసిపుల్స్. జరిగినది, నడుస్తున్నది, కాబోయేది. లాటిన్‌లో ఆ మూడు పేర్లు ప్రైతెరితుమ్, ప్రైసేన్స్, ఫుతూరుమ్. గడిచిపోయినది, ఎదుట ఉన్నది, కాబోయేది. అవీ మూడూ పార్టిసిపుల్సే. పైగా భవిష్యత్‌లోని "భూ" ధాతువూ ఫుతూరుమ్‌లోని "ఫు" ఒకే పాత వేరు నుంచి వచ్చాయి. ఫ్యూచర్ అన్నా భవిష్యత్తు అన్నా రెండూ "-బోయే" రకం పార్టిసిపుల్సే. మొదటిసారి ఇది గమనించిన రోజు నేను చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను.

మళ్లీ పెందెంతె లీతె దగ్గరికి

ఆబ్లేటివ్ ఎందుకు అనేది చెప్పాలి కదా. లాటిన్ ఆబ్లేటివ్‌లో మన పంచమి, తృతీయ, సప్తమి మూడూ కలిసిపోయాయి. నామవాచకం, పార్టిసిపుల్ రెండూ ఆబ్లేటివ్‌లో పెట్టి వాక్యానికి పక్కన నిలబెడితే "అది అలా ఉండగా" అనే అర్థం వస్తుంది. సంస్కృతంలో "రామే వనం గతే" అని సతి సప్తమి వాడతారు, అదే పని. తెలుగులో దాన్ని "-ఉండగా" ఒక్కటే చేసేస్తుంది. పెందెంతె లీతె, వ్యాజ్యం నడుస్తుండగా. జరిగిపోయిన రూపంతో అయితే ఉర్బె కప్తా, నగరం పట్టుబడ్డాక. మన "చేసి"కి లాటిన్‌లో రూపం లేదన్నాను కదా, ఆ లోటును రోమన్లు ఎక్కువగా ఇలాగే పూడ్చుకున్నారు. మూతాతీస్ మూతందీస్ కూడా ఈ కట్టుబాటే: మార్చవలసినవి మార్చబడగా. ఒకే ధాతువు నుంచి రెండు పార్టిసిపుల్స్, ఒకటి కర్త స్థానంలో, ఒకటి క్రియ స్థానంలో. వ్యాజ్యాలు ఒకటికి మించి ఉంటే పెందెంతిబుస్ లీతిబుస్ అవుతుంది.

ఇదంతా ఒంటబట్టిందో లేదో చూసుకోవడానికి నేను విద్యార్థులకు ఇచ్చే పరీక్ష ఒక్క పంక్తి. "అప్పు" అనే మాటను నిర్వచించే తీర్పుల్లో వస్తుంది: దేబితుమ్ ఇన్ ప్రైసెంతీ, సొల్వెందుమ్ ఇన్ ఫుతూరో. అర్థం, ఇప్పుడే బాకీపడినది, ముందు ముందు తీర్చవలసినది. ఆరు మాటల్లో రెండు "ఇన్"లు తీసేస్తే మిగిలిన నాలుగూ పార్టిసిపుల్సే, నాలుగు రకాలూ ఒక్కొక్కటి. దేబితుమ్ జరిగిపోయినది, నపుంసక ప్రథమ. ప్రైసెంతీ "-న్స్" రకం, ఆబ్లేటివ్. సొల్వెందుమ్ "-వలసిన" రకం, దేబితుమ్‌తో కలిసి నపుంసక ప్రథమ. ఫుతూరో "-బోయే" రకం, ఆబ్లేటివ్. ఇక్కడ ప్రైసెంతీ అని -ఈ ఎందుకుందో, పెందెంతె లీతెలో -ఎ ఎందుకుందో ఇప్పుడు మీరే చెప్పగలరు. చెప్పి కింద రాయండి, సరిచూస్తాను.